రాజరక్తం లేని సింహానికి ఎవరి గొంతు?

"బొమ్మల సినిమా ట్రైలర్ మీద వ్యాసమా?" అని ఈ సంచిక పని మొదలైన రోజే ఒక మిత్రుడు ముఖం మీదే అడిగాడు. స్కాలర్‌షిప్పుల మీద రాయండి, నోటిఫికేషన్ల మీద రాయండి, మెస్ మీద రాయండి, సింహాల మీద రాసేదేముందని ఆయన వాదన. ఆ మూడింటి మీదా రాసే మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. మేము మాత్రం సింహాల మీదే రాస్తాం. ఎందుకంటే ఏ ఎన్నికలొచ్చినా, ఏ సంఘం మీటింగ్ పెట్టినా రెండుగా చీలిపోయే మా హాస్టల్, అన్ని గదులూ కలిసి ఒకే ఫోన్ చుట్టూ మూగి, గొడవ పడకుండా చూసిన రెండు నిమిషాలు అవే.

'ముఫాసా: ది లయన్ కింగ్' తెలుగు ట్రైలర్ 2024 ఆగస్టు చివర్లో వచ్చింది. ముఫాసా అనే సింహానికి మహేష్ బాబు గొంతు. ఆ ఏడాది సంక్రాంతికి 'గుంటూరు కారం' వచ్చి వెళ్లిపోయింది. రాజమౌళి సినిమా ఎప్పటికి వస్తుందో ఎవరికీ తెలియదు. అదే ఆగస్టు 9న పుట్టినరోజని 'మురారి'ని మళ్లీ విడుదల చేస్తే అభిమానులు థియేటర్లలోనే అక్షింతలు చల్లుకుని పెళ్లి సందడి చేశారు. అంత ఆకలి మీద ఉన్నవాళ్ల ముందు ఈ ట్రైలర్ పడింది. ఇక చూడండి! బొమ్మ సింహం నోరు తెరవగానే ఈలలు. "సింహానికి సింహమే చెప్పాలె గొంతు" అని ఒకరు. "కళ్లు మూసుకుని ఇనురా, బాబే కనిపిస్తడు" అని ఇంకొకరు. మూలన కూర్చున్న వేరే హీరో అభిమాని ఒకడు "బొమ్మకు గొంతు ఇస్తే గూడ కటౌట్లు కడ్తరా?" అని ఊరుకోలేక అన్నాడు గానీ, వాడి మాట ఎవరూ లెక్క చేయలేదు. తర్వాత టీ కొట్టు దగ్గరా అదే. మెస్ లైన్లో కంచాలు పట్టుకుని నిలబడీ అదే.

బయటివాళ్లకు ఇది అతిగా కనిపించవచ్చు. ఒక లెక్క చెప్తాం వినండి. ఆ ట్రైలర్ వచ్చిన నాటికి కాలేజీ హాస్టల్ విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చే మెస్ ఛార్జీ నెలకు 1,500 రూపాయలు. అంటే మూడు పూటలకూ కలిపి రోజుకు యాభై. ఆ నవంబర్ నుంచి దాన్ని 2,100 చేశారు, అంటే రోజుకు డెబ్భై. బాగ్‌లింగంపల్లి నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు నడుచుకుంటూ పోవచ్చు. సుదర్శన్, దేవి, సంధ్య... దారి ఖర్చు లేదు, నిజమే. టికెట్ దగ్గరే కాళ్లు ఆగుతాయి. టికెట్, విరామంలో ఒక సమోసా కలిపితే రెండు మూడు రోజుల తిండి. కాబట్టి మాలో చాలామందికి సినిమా నెలకో రెండు నెలలకో ఒకసారి. ట్రైలర్ మాత్రం ఎన్నిసార్లు చూసినా ఉచితం. మాకు ట్రైలర్ అంటే సినిమాకు ప్రకటన కాదు. చాలాసార్లు అదే సినిమా. అందుకే దానిలో ఏముందో, దానికి మేము ఏమని ఈల వేశామో మాట్లాడుకోవడం పనిలేని పని కాదని అనుకుంటున్నాం.

ఇంతకీ ఆ ట్రైలర్‌లో ఏముంది? ముసలి కోతి రఫీకి కథ చెప్పడం మొదలుపెడుతుంది. ఒంట్లో చుక్క రాజరక్తం లేకుండా పుట్టిన ఒక సింహం కథ ఇది అంటుంది. ముఫాసా వరదలో కొట్టుకుపోయి తల్లిదండ్రులకు దూరమైన కూన. టాకా అనే రాజకుమారుడు దాన్ని కాపాడతాడు. కానీ టాకా తండ్రి, ఆ మందకు రాజు, ఊరూ పేరూ లేని కూనను మగ సింహాల పక్కన చేరనివ్వడు. ఆడ సింహాలతో ఉండమని పంపేస్తాడు. అవమానం కోసం పంపిన చోటే ముఫాసా వేట నేర్చుకుంటాడు, గాలి వాసనను బట్టి శత్రువును పసిగట్టడం నేర్చుకుంటాడు. చివరికి రాజవుతాడు. పుట్టుకతో రాజైన టాకా చరిత్రలో 'స్కార్' అనే దుర్మార్గుడుగా మిగులుతాడు. ఊరి నుంచి వచ్చి, పెట్టె పట్టుకుని, ఎవరూ తెలియని గదిలో మొదటి రాత్రి పడుకున్న హాస్టల్ విద్యార్థికి ఈ కథ ఎవరైనా విడమరిచి చెప్పాలా? సంక్షేమ హాస్టళ్ల మీద తీసిన సినిమాలా ఉంది!

అయినా మా ఫోన్ చుట్టూ లేచిన ఈలల్లో ఒక్కటి కూడా ఆ మాటకు లేచింది కాదు. అన్నీ గొంతుకే. చుక్క రాజరక్తం లేని సింహమని రఫీకి చెబుతుంటే, మనం వింటున్నది సూపర్ స్టార్ కృష్ణ గారి అబ్బాయి గొంతు. పుట్టుకతో యువరాజైన టాకాకు గొంతు ఇచ్చిందెవరు? సత్యదేవ్. విశాఖపట్నం నుంచి వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, చిన్న చిన్న వేషాలతో మొదలుపెట్టి పైకి వచ్చిన నటుడు. అంటే తెరమీద అనాథకు తెరవెనుక వారసుడి గొంతు, తెరమీద వారసుడికి తెరవెనుక అనామకుడిగా మొదలైనవాడి గొంతు. ఎవరో కావాలని తిరగేసినట్లుంది.

ఇదే వరుసలో 2019లో వచ్చిన 'ది లయన్ కింగ్' తెలుగులో లెక్క ఇంకో రకం. అక్కడ పుట్టుకతోనే రాజ్యం రాసిపెట్టి ఉన్న సింబాకు నాని గొంతు ఇచ్చాడు. అసిస్టెంట్ డైరెక్టర్‌గా, రేడియో జాకీగా మొదలై హీరో అయినవాడు. ఆ ఏడాది నవంబర్‌లో ఆండర్సన్ 'మంచు రాణి' కథ ప్రేరణతో అల్లిన 'ఫ్రోజెన్'కు రెండో భాగం వచ్చింది. తెలుగులో పెద్ద ఎల్సాకు నిత్యా మీనన్, చిన్నారి ఎల్సాకు మహేష్ బాబు కూతురు సితార. అప్పుడు కూడా అభిమానుల మాట ఒకటే: "మా సితార పాప ఎంత ముద్దుగా చెప్పిందో!" హిందీలో ముఫాసాకు రెండుసార్లూ షారుఖ్ ఖానే. 2019లో సింబా ఆయన పెద్ద కొడుకు ఆర్యన్, 2024లో కూన ముఫాసా ఆయన చిన్న కొడుకు అబ్రామ్. ఢిల్లీ నుంచి ఏ అండా లేకుండా వచ్చి ఎదిగినవాడు షారుఖ్. ఆయన తన వరకు ముఫాసాయే. కానీ ఒక తరం గడిచేసరికి అనాథ కూన గొంతు కూడా ఇంట్లోనే దొరికింది.

ఇందులో మహేష్ బాబు తప్పేమీ లేదు. పిల్లల తప్పు అసలే లేదు. సింహం దవడ కదలికకు తెలుగు మాట అతికించి చెప్పడం తేలిక పని కాదు, ఆయన శ్రద్ధగానే చెప్పారు. కంపెనీ లెక్క కంపెనీది. విదేశీ బొమ్మల సినిమాను తెలుగు పల్లెదాకా తీసుకెళ్లాలంటే దానికి తెలిసిన గొంతు ఒకటి కావాలి. తెలిసిన గొంతంటే స్టార్ గొంతు. డబ్బింగ్ రంగంలో పేరున్నవాళ్లను తీసుకున్నా సంగతి వేరుగా ఏం లేదు లెండి. 2019లో ముఫాసాకు చెప్పిన రవిశంకర్, 2024లో కిరోస్‌కు చెప్పిన అయ్యప్ప పి. శర్మ, మన సాయికుమార్ ముగ్గురూ అన్నదమ్ములు. తండ్రి పి.జె. శర్మ గారు నటుడు, డబ్బింగ్ కళాకారుడు. ముగ్గురూ గొప్ప గొంతులే, ఎవరూ కాదనలేరు. మేము అడిగేది వాళ్లను కాదు. మనల్నే. రాజరక్తం లేనివాడు రాజయ్యాడన్న కథకు చప్పట్లు కొట్టడానికి కూడా మనకు ఒక రాజరక్తం గొంతు ఎందుకు కావలసి వచ్చింది?

ఈల వేయడమే తప్పని చెప్పే పెద్దమనుషుల జాబితాలో మేము చేరం. మేమూ వేశాం, సిగ్గుపడం. రోజంతా లైబ్రరీలో కూర్చుని వచ్చినవాడికి ఈల ఒక ఊపిరి. అయితే అభిమానం గురించి మాట్లాడుతూ సంధ్య థియేటర్ ముందు నుంచి తల దించుకుని వెళ్లిపోలేం. 2024 డిసెంబర్ 4 రాత్రి 'పుష్ప 2' ప్రీమియర్ షోలో అక్కడ తొక్కిసలాట జరిగింది. పిల్లలను సినిమాకు తీసుకొచ్చిన ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాల మీదికి వచ్చింది. హీరోను దగ్గరగా చూడాలన్న తొందరే కారణం. 'ముఫాసా' థియేటర్లలోకి వచ్చింది సరిగ్గా పదహారు రోజులకు, డిసెంబర్ 20న. ఆ పదహారు రోజులూ క్రాస్ రోడ్స్ వైపు వెళ్లినప్పుడల్లా మాలో ఎవరో ఒకరు ఆ గేటు చూపించేవారు.

ఇక వేరే దేశాల్లో ట్రైలర్ చూసి ఏమన్నారో చూద్దాం. 2022 సెప్టెంబర్‌లో 'ది లిటిల్ మెర్మెయిడ్' టీజర్ వచ్చింది. ఆండర్సన్ 1837లో రాసిన జలకన్య కథ. 1989లో డిస్నీ బొమ్మల సినిమాగా తీసినప్పుడు జలకన్య తెల్లగా, ఎర్ర జుట్టుతో ఉంది. ఈసారి మనుషులతో తీస్తూ హాలీ బెయిలీ అనే నల్లజాతి గాయనిని పెట్టారు. ఆమెను ఎంచుకున్నారని 2019లో తెలిసినప్పుడే "ఈమె మా జలకన్య కాదు" అని గోల మొదలైంది. టీజర్ రాగానే లక్షల మంది అయిష్టం నొక్కారు. చేప తోక ఉన్న అమ్మాయి ఉంటుందని నమ్మగలిగినవాళ్లు ఆ అమ్మాయి నల్లగా ఉంటుందంటే మాత్రం నమ్మలేకపోయారు! కానీ అదే వారంలో ఇంకో రకం వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. నల్లజాతి చిన్నపిల్లలు ఇళ్లల్లో టీవీ ముందు కూర్చుని టీజర్ చూస్తున్నారు. జలకన్య ముఖం కనిపించగానే కళ్లు పెద్దవి చేసి, తల్లి వైపు తిరిగి, ఈమె నాలాగే ఉందని చెబుతున్నారు. మేము ఆ వీడియోలు ఒకటికి రెండుసార్లు చూశాం. చూస్తూ ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పిల్లలు అక్కడిదాకా రావడానికీ చాలా కాలం పట్టింది. డిస్నీ మొదటి పెద్ద బొమ్మల సినిమా 'స్నో వైట్' 1937లో వచ్చింది. మంచుకంత తెల్లగా ఉండటమే ఆ పిల్ల అందం. నల్లజాతి రాకుమారి రావడానికి 2009 దాకా, డెబ్భై రెండేళ్లు ఆగాల్సి వచ్చింది. 'ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్'లో టియానా. మొదట ఆమెకు మ్యాడీ అని పేరు పెట్టి, తెల్లవాళ్ల ఇంట్లో పనిమనిషిగా అనుకున్నారు. బానిసల కాలం పేరులా ఉందని, మళ్లీ పనిమనిషేనా అని జనం అడిగితే, పేరు మారింది, పని మారింది, సినిమా పేరు కూడా మారింది. హోటల్ పెట్టాలని కలగనే వెయిట్రెస్ అయింది. అయినా సినిమాలో ఎక్కువసేపు ఆమె కప్పరూపంలోనే ఉంటుంది. నల్లపిల్లను రాకుమారిని చేసి వెంటనే కప్పను చేశారేమని అడిగినవాళ్లూ ఉన్నారు. బాగా అడిగారు. (ఆమెను పెళ్లాడే రాకుమారుడి పేరు నవీన్. ఆ పేరుతో ప్రతి హాస్టల్లో ఇద్దరైనా ఉంటారు. రాజ్యం సంగతి మాత్రం వాళ్లనే అడగాలి.)

మనవాళ్లు అలా అడగలేదా అంటే, అడిగారు. అదీ హైదరాబాద్‌లో తయారైన బొమ్మల గురించే. 'ఛోటా భీమ్' మన నగరంలోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసింది, 2008 నుంచి టీవీలో వచ్చింది. భీమ్‌కు లడ్డూలు పెట్టే ఊరి పిల్ల చుట్కీ. రాజుగారి కూతురు ఇందుమతి. 2020 జూన్‌లో, లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్లల్లో ఉన్నప్పుడు, భీమ్ చుట్కీని వదిలేసి రాకుమారిని పెళ్లి చేసుకున్నాడని ఒక పుకారు లేచింది. దేశమంతా "చుట్కీకి న్యాయం చేయాలి" అని గోల. లడ్డూ పెట్టిన చేయి మరిచి కోటలో చేరాడని భీమ్‌ను తిట్టని వాడు లేడు. చివరికి కంపెనీ వాళ్లు, అయ్యా, వాళ్లింకా చిన్నపిల్లలు, ఎవరికీ పెళ్లి కాలేదని ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. కానీ ఆ నవ్వులో ఒక నిజమైన ప్రశ్న ఉంది. ఆకలికి అన్నం పెట్టినదాన్ని వదిలి రాకుమారి చేయి పట్టుకోవడం ప్రతి కథకూ సుఖాంతం ఎట్లా అవుతుంది? ఏ స్టార్ గొంతూ లేకుండా, ఏ కటౌటూ లేకుండా, కథలో న్యాయం గురించి జనం అడిగిన సందర్భం అది. మాకు తెలిసిన అభిమానుల స్పందనల్లో మేము ఎక్కువ మార్కులు వేసేది దానికే.

అదే సీరియల్‌లో కయ్యానికి కాలు దువ్వే పిల్లవాడి పేరు కాలియా. ఆ పేరులోనే నలుపుంది. వాడి తరఫున న్యాయం కావాలని ఎవరూ అడగలేదు. ఆ కార్టూన్ చూస్తూ పెరిగిన మాలో ఎంతమందిని బళ్లో ఆ పేరుతో పిలిచారో, ఈ పేజీ చదువుతున్న తమ్ముళ్లు చేతులెత్తితే లెక్క తేలుతుంది.

మన కథల్లో ఇదంతా లేకపోలేదు. ఏడు చేపల కథ తెలియనివాళ్లు ఉండరు. రాజకుమారుడి చేప ఒకటి ఎండలేదు. నేరం గడ్డి మోపు మీదికి పోయింది, అక్కడి నుంచి ఆవు, పశువుల కాపరి, అవ్వ, ఏడ్చిన పిల్లవాడు... మెట్టు మెట్టు దిగుతూ చీమ దాకా వచ్చింది. రాజుగారింట్లో ఏది చెడినా విచారణ చివరికి చీమ పుట్ట దగ్గరే ఆగడం మనకు కొత్త కాదు కదా! అయితే చీమ వేరేవాళ్ల పేరు చెప్పలేదు. నా ఇంట్లో వేలు పెడితే ఊరుకుంటానా అన్నట్లు నిలబడింది. ఆ కథలో ఎదురు ప్రశ్న వేసింది అదొక్కటే. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో కథానాయకుడు తోట రాముడు, తోటమాలి కొడుకు. రాకుమారిని కోరిన నేరానికి రాజు అతన్ని ఐశ్వర్యం సంపాదించుకు రమ్మంటాడు. ఆ పాత్ర వేసిన ఎన్.టి. రామారావు అప్పటికి నిమ్మకూరు రైతు కొడుకు. సినిమాల్లో ఆయన వెనుక ఏ వంశమూ లేదు. తోటమాలి కొడుకు గెలుపును జనం కొత్త ముఖంలోనే చూశారు, విరగబడి చూశారు. కాబట్టి తెలిసిన ఇంటి గొంతు లేకపోతే తెలుగువాళ్లు చూడరన్న మాట మా చెవికెక్కదు.

ఈ వాదన చెబితే ఒక మిత్రుడు, "అన్నా, ఎవని గొంతైతే ఏంది, కథ మనదే గద" అన్నాడు. నిజమే, కథ మనదే. కానీ ఎవరైనా మా ఊరికి వచ్చి మా కష్టం మాకంటే బాగా మైకులో చెప్పి వెళ్లిన సభలు మేము చాలా చూశాం. చప్పట్లన్నీ మైకు దగ్గరే ఉండిపోతాయి.

అందుకే ఇప్పుడు హాస్టల్లో నడుస్తున్న వాదన వేరే ఉంది. దాన్ని మొదలుపెట్టినవాడు ములుగు జిల్లా తమ్ముడు. అడవిలో వేటకు పోయిన కోయవాళ్లకు పులుల మధ్య ఆడుకుంటూ ఒక పసిబిడ్డ దొరికింది. తల్లిదండ్రులెవరో తెలియదు. గూడెం పెంచింది. పెరిగి పగిడిద్దరాజును పెళ్లాడింది, కరువులో కప్పం కట్టలేమన్న తన జనం కోసం కాకతీయ సైన్యంతో తలపడింది, చిలకలగుట్ట దారిలో కుంకుమ భరిణెగా మిగిలింది. రెండేళ్లకోసారి మేడారానికి లక్షల మంది బెల్లం మోసుకుని పోయేది ఆ సమ్మక్క కోసమే. పులుల మధ్య దొరికిన బిడ్డ కథ ముఫాసా కంటే ఏం తక్కువని వాడి ప్రశ్న. బొమ్మల సినిమాగా తీస్తే మొదటి దృశ్యం పులులదే ఉండాలంటాడు. పాలమూరు మిత్రుడు ఒప్పుకోడు. ముందు జాంబ పురాణం తీయాలి, సృష్టికంటే ముందు పుట్టిన తాత మావాడు, చిందు కళాకారులు ఊరూరా ఆడిన కథ, వరుసలో మాదే ముందు అని పట్టు. వాడి లెక్కలో ఆది జాంబవుడికి గొంతు ఇవ్వాల్సింది చిందు ఆడే తాతే.

సమ్మక్కకు ఎవరు చెప్పాలన్న దగ్గర మాత్రం ఇంకా తెగలేదు. పెద్ద హీరోయిన్ అయితేనే ట్రైలర్ నలుగురూ చూస్తారని ముగ్గురు. తాడ్వాయి అడవి పక్కన పెరిగిన అమ్మాయి ఎవరైనా చెప్పాలని, కోయ మాటలు ఆ నోట్లోనే సరిగ్గా పలుకుతాయని నలుగురు. ములుగు తమ్ముడు తన ఫోన్లో వాళ్ల నాయనమ్మ చెప్పిన కథ రికార్డు చేసుకొచ్చాడు. పదకొండు నిమిషాలుంది. మధ్యలో కోడి కూస్తుంది, ఎవరో నీళ్లు అడుగుతారు, ఆమె ఆపి నీళ్లిచ్చి వచ్చి మళ్లీ పులుల దగ్గర అందుకుంటుంది. వినాలనుకున్నవాళ్లు రాత్రి భోజనాల తర్వాత మా గదికి రావచ్చు.